ఏట్లోంచి ముందెవరు వెళ్ళిపోయారు?

స్వర్ణముఖి ఏడాది పొడవునా నిండుగా పారిన ఏరు ఎప్పుడూ కాదు. ఈ మాట ముందే అనేసుకుంటే మంచిది, లేకపోతే పాతరోజుల గురించి చెప్పేదంతా కోతలైపోతుంది. కార్తీకంలో గట్టి వానలు పడితే చంద్రగిరి దగ్గర ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్ళు. సంక్రాంతి దాటితే రెండు మూడు పాయలు. శివరాత్రికి మడుగులు. ఎండలు ముదిరితే ఇసుకలో చెలమలు. తొండవాడ దగ్గర భీమ, కల్యాణి వచ్చి కలిసే చోటు నుంచి తిరుచానూరు మీదుగా శ్రీకాళహస్తి దాకా ఏటి వరస ఇదే. చిత్తూరులో నీవా నదిదీ ఇంచుమించు ఇదే తీరు.

అయినా ఒడ్డు ఊళ్ళలో పెరిగిన పెద్దవాళ్ళను ఎవరిని కదిపినా "అప్పుడు నీళ్ళు అద్దం మాదిరి ఉండేవి" అంటారు. ఆ అద్దం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పురుగుమందు కలిసిన నీళ్ళు కూడా అద్దం మాదిరే ఉంటాయి. కొత్తనీళ్ళతో ఎర్రగా పొంగిన ఏట్లో బతుకు నిక్షేపంగా ఉంటుంది. వాళ్ళను అడగాల్సింది వేరే. నీళ్ళలో కాళ్ళు పెడితే మడమలు కొరికినవి ఏవి? రాయి తిప్పితే పక్కకు పరుగెత్తినవి ఏవి? చెలమ తోడుతుంటే వేళ్ళకు తగిలినవి ఏవి? అవి ఏ వరసలో కనబడకుండా పోయాయో గుర్తు చేసుకోగలిగితే, ఏటికి ఏ జబ్బు ఎప్పుడు పట్టిందో చాలావరకు చెప్పేయొచ్చు.

అన్నిటికన్నా ముందు పోయినవి రాళ్ళ కిందివి. శేషాచలం కొండల్లోంచి దిగే వాగుల్లో, గులకరాళ్ళ మీద నీళ్ళు గలగలమని పారే చోట, అరచేయంత రాయి మెల్లగా ఎత్తి బోర్లా తిప్పితే కనబడేవి. ఒళ్ళు చదునుగా, వెనక మూడు సన్నటి తోకలతో, పొట్టకు రెండు పక్కలా రేకుల్లాంటి మొప్పలు అల్లాడిస్తూ తడి రాయి మీద అడ్డంగా జారేది మేఫ్లై పిల్ల. రెండే తోకలుండి, కాళ్ళ మొదళ్ళ దగ్గర మొప్పలు కుచ్చులుగా ఉంటే స్టోన్‌ఫ్లై పిల్ల. ఇసుక రేణువులను తన నోటి పట్టుతో అతికించి గొట్టం కట్టుకుని, అందులోంచి తలా కాళ్ళూ మాత్రం బయటపెట్టి ఈడ్చుకుంటూ పోయేది క్యాడిస్. పిల్లకాయలు దాన్ని పుల్ల అనుకుని విరిచేవాళ్ళు, తీరా చూస్తే లోపల మెత్తగా కదిలేది. పెద్దయ్యాక రెక్కలొచ్చి ఎగిరిపోయే పురుగుల పిల్లలు ఇవి. ఈ మూడింటికీ పెద్ద ఊపిరితిత్తుల సరంజామా ఏమీ లేదు. పల్చటి చర్మం, మొప్పలు, పక్కనుంచి పారే నీళ్ళు తెచ్చిపెట్టే ఆక్సిజన్, అంతే. పారకం ఆగినా, మొప్పల మీద మట్టి పేరుకున్నా మొదట ఉక్కిరిబిక్కిరి అయ్యేవి ఇవే.

బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన ఒక కార్యవర్గం ఏటి పురుగుల కుటుంబాలకు 1 నుంచి 10 దాకా మార్కులు వేసింది. ఆ కార్యవర్గం ఇంగ్లీషు పేరులోని ముందక్షరాలతో బీఎండబ్ల్యూపీ పద్ధతి అంటారు. మురుగును ఎంత తక్కువ తట్టుకుంటే అన్ని ఎక్కువ మార్కులు. చదును మేఫ్లైకి, స్టోన్‌ఫ్లైకి 10. తూనీగ పిల్లకు 8. వల అల్లి నీళ్ళకు అడ్డంగా కట్టుకునే రకం క్యాడిస్‌కు 5. మామూలు నత్తలకు, కొన్ని జలగలకు 3. బురదలోని ఎర్ర పురుగుకు 2. తల బురదలో పెట్టి తోక పైకి ఊపే ట్యూబిఫెక్స్ జాతికి 1. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇదే ఆలోచనను మన నదులకు సరిపెట్టుకుంది. ఎన్ని దొరికాయన్నది ఇందులో లెక్కలోకి రాదు, ఎన్ని రకాలు దొరికాయన్నదే లెక్క. మురుగులో ఎర్ర పురుగులు వేలకు వేలు ఉన్నా మార్కులు రెండే.

ఇక్కడ మన వాతావరణంతో ఒక చిక్కుంది. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే ఆక్సిజన్ అంత ఎక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళు పట్టగలిగేది దాదాపు 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర 7.6, 35 దగ్గర 7 లోపు. అంటే తిరుపతి ఎండలో ఎంత శుభ్రమైన మడుగైనా మొదలయ్యేదే ఏడు దగ్గర. చల్లటి దేశాల నదులకున్న వెసులుబాటు మనకు లేదు. అక్కడ కొంచెం మురుగు కలిసినా ఏరు తట్టుకుంటుంది, ఇక్కడ అంతే మురుగుకు చేప తేలుతుంది.

రెండో వరసలో పోయినవి నీళ్ళ మీద నడిచేవి. పొడుగు కాళ్ళతో ఉపరితలం మీద జారుకుంటూ తిరిగే పురుగు, గిరగిరా సున్నాలు చుట్టే నల్ల పురుగు. వీటిని నిలబెట్టేది నీటి మీది బిగువు. పొడుగు కాళ్ళ పురుగు పాదాల కింద నీరంటని సన్నటి నూగు ఉంటుంది. కాలు పెట్టిన చోట నీళ్ళు చిన్న సొట్ట పడతాయి తప్ప చీలవు. పళ్ళెంలో దాన్ని వదిలి, పక్కన డిటర్జెంట్ నీళ్ళు ఒక్క చుక్క వేస్తే అప్పటిదాకా జారుతున్న పురుగు కాళ్ళు టక్కున దిగబడతాయి, ఒళ్ళు తడుస్తుంది, మునుగుతుంది. రేవులో చవుడు మట్టితో ఉతికినంత కాలం ఇవి రేవు పక్కనే తిరిగేవి. బట్టల పొడి ప్యాకెట్లు వచ్చాక రేవుకు దిగువన మొదట ఖాళీ అయింది నీటి పైభాగం. సబ్బు చేపనూ వదలదు. మొప్పల మీది జిగురు పొర పోగొడుతుంది, ఆ తర్వాత ఏ చిన్న విషమైనా నేరుగా లోపలికి పోతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళకు పారే ఏరు ఎందుకు కావాలో ఈ సందర్భంలో చెప్పుకోవాలి. అద్దకం అయిన గుడ్డలో మిగిలిపోయిన రంగు, పటిక నిలవ నీళ్ళలో ఉతికితే మళ్ళీ గుడ్డకే అంటుకుని మరకలవుతాయి. పారే నీళ్ళయితే ఎప్పటిదప్పుడు తీసుకుపోతుంది. వాళ్ళు ఎంచుకునే లోతు, వడి, ఇసుక అడుగు, అచ్చంగా క్యాడిస్ కోరుకునే చోటే.

ఇసుక సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మన ఏళ్ళకు అసలు ప్రాణం అక్కడే. పైన ఎండిపోయినా ఇసుక కింద నీళ్ళు నడుస్తూనే ఉంటాయి. మూరెడు లోతు తోడితే చెలమలో తేటనీరు ఊరేది. మొదటి ఊట తోడి పారబోసి, రెండో ఊట కడవకు పట్టేవాళ్ళు. ఆ తేటదనం ఊరికే వచ్చింది కాదు. ప్రతి ఇసుక రేణువు చుట్టూ కంటికి కనబడని బ్యాక్టీరియా పొర ఉంటుంది, మురుగులోని కుళ్ళును తినేది అదే. ఆ పొర మందమై సందులు మూసుకుపోకుండా దాన్ని గీరి తినే సన్నపురుగులు ఇసుక సందుల్లోనే ఉంటాయి. వేసవిలో పైనున్న పురుగుల పిల్లలు కూడా కిందికి దిగి అక్కడే తలదాచుకుంటాయి. అంటే ఇసుక వడపోత యంత్రమూ అదే, వేసవి విడిదీ అదే.

లారీలకెత్తితే పోయింది ఈ రెండూ. ఇసుక తీసేశాక బయటపడేది బంకమట్టి. దాని సందుల్లో నీళ్ళు నడవవు, గాలి ఆడదు. గుంటల్లో నిలిచిన నీళ్ళు కుళ్ళుతాయి, చుట్టూ సర్కారు తుమ్మ లేస్తుంది. 2002లో నీరు, భూమి, చెట్ల కోసం వాల్టా చట్టం వచ్చింది, ఇసుక తవ్వకానికి హద్దులు చెప్పింది. చట్టం కాగితం మీద ఎంత బాగున్నా, పోయిన ఇసుకను తిరిగి తేవాల్సింది వరదే. 2021 నవంబరులో ఏరు ఒడ్లు తెంచుకుని వచ్చినప్పుడు జనానికి జరిగిన నష్టం అందరికీ తెలుసు. ఏటి అడుగుకు మాత్రం చాలాచోట్ల కొత్త ఇసుక పడింది.

మూడోది ఎండ్రకాయ. కయ్యల గెనిమల్లో బొక్కలు చేసుకుని రైతుతో తిట్లు తింటూ, కాలవ వెంబడి ఏట్లోకీ దిగే ఈ పొలం ఎండ్రకాయ మీద తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రం వాళ్ళు చాలా పని చేశారు. దాని శాస్త్రీయ నామం ఓజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్. ఆల్చిప్ప మీద, వేసవంతా మట్టిలో తలుపు మూసుకుని పడుకునే గుల్ల నత్త మీద కూడా అక్కడే పరిశోధనలు జరిగాయి. ఎండ్రకాయకు ఊపిరి సమస్య తక్కువ, నీళ్ళు చెడితే గట్టెక్కేస్తుంది. దాన్ని చంపేది పురుగుమందు. పురుగుమందు కొట్టేది పురుగు నరాల మీద, ఎండ్రకాయ నరాల పనితీరూ అదే బాపతు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులయితే లీటరుకు మైక్రోగ్రాముల్లోనే రొయ్యలనూ ఎండ్రకాయలనూ తీసేస్తాయి. స్ప్రేయర్ డబ్బా వాగులో ముంచి కడిగితే చాలు. అందుకే ఒక వంకలో ఉన్నట్టుండి ఎండ్రకాయలు, పిల్ల రొయ్యలు లేకుండా పోయి నత్తలు మాత్రం మామూలుగా ఉంటే, మురుగును అనుమానించే ముందు ఎగువన ఏ పంటకు ఏ మందు కొట్టారో అడగాలి.

చిత్తూరు పక్క వంకలకు ఇంకో జబ్బు ఉంది. తోతాపురి కాయ దిగే జూన్, జూలైల్లో గుజ్జు తీసే చోట కాయలు, యంత్రాలు కడిగిన నీళ్ళు శుద్ధి కాకుండా వంకలో పడితే ఏమవుతుందో చూడండి. అందులో విషమేమీ లేదు, చక్కెర, పులుపు. చక్కెరను తినడానికి బ్యాక్టీరియా ఎగబడుతుంది, తింటూ నీళ్ళలోని ఆక్సిజన్ లాగేస్తుంది. సరిగ్గా అదే నెలల్లో మన వంకల్లో పలచన చేయడానికి నీళ్ళు ఉండవు, ఆ మురుగే వంక మొత్తం. రాళ్ళ మీద బూడిదరంగు దూదిలాంటి జిగురు పోగులు వేలాడతాయి. నాచు అనుకుంటారు గానీ అది స్ఫెరోటిలస్ అనే బ్యాక్టీరియా గుంపు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా వస్తే ఆక్సిజన్ పూర్తిగా అయిపోయిందని అర్థం. గ్రానైట్ కోత నీళ్ళది దీనికి పూర్తిగా వేరే కథ. అందులో కుళ్ళేదేమీ లేదు, సన్నటి రాతిపిండి మొప్పల్లో, ఇసుక సందుల్లో దిగబడి మూసేస్తుంది. పరీక్ష చేస్తే ఆక్సిజన్ బాగానే చూపిస్తుంది, పురుగులు మాత్రం ఉండవు.

ఆక్సిజన్ పరీక్ష అన్నాం కాబట్టి అదెలా చేస్తారో కూడా చెప్పాలి. మీటర్లు వచ్చాయి గానీ, 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ అన్నిటికీ పెద్ద దిక్కు. 300 మిల్లీలీటర్ల గాజు మూత సీసా తీసుకుని నీళ్ళ కింద వాలుగా పట్టి నెమ్మదిగా నింపాలి. గాలిబుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పు, ఆ బుడగలోని ఆక్సిజన్ కూడా ఏటి ఖాతాలో పడుతుంది. తర్వాత పిపెట్ కొన నీళ్ళలోకి దించి మాంగనీస్ సల్ఫేట్ 2 మిల్లీలీటర్లు, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మిల్లీలీటర్లు వేసి, మూత బిగించి తిరగేస్తూ కలపాలి. ఇక్కడే సగం జవాబు తెలిసిపోతుంది. గోధుమరంగు తెట్టు దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, ఎంత ముదురైతే అంత ఎక్కువ. తెల్లగా పాలలా దిగితే లేనట్టే. తెట్టు సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు వేసి కలిపితే కరిగి పసుపుపచ్చగా మారుతుంది. అందులోంచి 203 మిల్లీలీటర్లు తీసి, 0.025 నార్మాలిటీ థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తూ, అంటే దాన్ని చుక్కచుక్కగా కలుపుతూ, రంగు లేత పసుపుకు వచ్చాక స్టార్చ్ చుక్కలు వేసి, నీలం పోయేదాకా పట్టాలి. ఖర్చయిన ఒక్కో మిల్లీలీటరు లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. స్టార్చ్ ముందే వేస్తే నీలం గట్టిగా పట్టుకుని సరిగా వదలదు. ఆమ్లం వేశాక ఎండలో పెట్టి టీకి పోయినా లెక్క పోతుంది.

ఇంత చేసీ చాలామంది చెడగొట్టేది టైము దగ్గర. పగలు పదకొండుకు జీపు దిగి సీసా నింపితే పచ్చగా నాచు పట్టిన మడుగులో కూడా ఆక్సిజన్ ఎనిమిది, తొమ్మిది వస్తుంది. ఎండలో నాచు చేసిపెట్టిన ఆక్సిజన్ అది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒకటి, రెండుకు పడిపోతుంది. చేపలు చచ్చేది అప్పుడు. కేంద్ర మండలి లెక్క ప్రకారం చేపలు బతికే డి తరగతి నీళ్ళలో ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, ఫ్రీ అమ్మోనియా, అంటే అమ్మోనియాలో చేపకు విషమయ్యే రూపం, 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ అమ్మోనియా హద్దు నాకైతే మరీ ఉదారంగా కనబడుతుంది, చేపల చెరువుల వాళ్ళు 0.05 దగ్గరే కంగారుపడతారు. పైగా మధ్యాహ్నం నాచు పని వల్ల పీహెచ్ 9కి ఎక్కుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, 9 అయితే సుమారు 45 శాతం. అదే మురుగు, అదే మడుగు. పొద్దున ఊపిరాడక, మధ్యాహ్నం అమ్మోనియాతో, రోజుకు రెండు గండాలు.

చేపల్లో ముందు పోయినవి పరిగెలు, ఇసుక దొందులు, బొమ్మిడాయిలు. మడమలు కొరికినవాటిలో పరిగెలే ఎక్కువ. ఇసుకలో గుడ్లు పెట్టేవి, ఇసుకలో దూరేవి ఇసుకతోనే పోయాయి. మిగిలినవి కొరమీను, మార్పు, ఇంగిలాయి, పైకి వచ్చి గాలి మింగి బతకగలిగినవి. వాటితో పాటు 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి చేప. దాని పిల్లలు తల్లి నోట్లో పెరుగుతాయి కాబట్టి అడుగు ఎంత చెడినా దానికి లెక్క లేదు. ఏట్లో చేపలు బాగానే పడుతున్నాయి అని ఎవరైనా అంటే, ఏ చేపలు అని అడగాలి.

చచ్చిన చేపలు తేలినప్పుడు కూడా ఇదే తెలివి పనికొస్తుంది. తెల్లారేసరికి పెద్ద చేపలు ముందు చచ్చి, నోళ్ళు తెరుచుకుని, మొప్పల డిప్పలు విచ్చుకుని ఉంటే, కొరమీను మాత్రం బతికుంటే, ఆక్సిజన్ లేక పోయినట్టు. చిన్నాపెద్దా తేడా లేకుండా, పగలు ఏ వేళైనా, వంకర్లు తిరుగుతూ చచ్చి, కొరమీనూ ఎండ్రకాయా కూడా పోతే విషం. మొప్పలు ఎర్రగా కాక చాక్లెట్ రంగులో ఉంటే నైట్రైట్. మొదటి వానకు చచ్చాయంటే ఊరి కాలవల్లో నెలల తరబడి పేరుకున్న మురుగంతా ఒక్క దెబ్బతో ఏట్లోకి దిగినట్టు. కుళ్ళిన చేపను ల్యాబుకు తీసుకుపోయి లాభం లేదు. కొన ఊపిరితో ఉన్నదాన్ని ఐసులో పెట్టి, నీళ్ళు గాజు సీసాలో పట్టి, అదే పూట చేర్చాలి. మందు ఉంటే మర్నాటికి ఏరే దాన్ని దాటించేస్తుంది.

ఇప్పుడు ఏట్లో ఏముందో చూడాలనుకునేవాళ్ళు జనవరి, ఫిబ్రవరుల్లో దిగాలి. వరద తగ్గిన వెంటనే వద్దు, కొట్టుకుపోయిన పురుగులు మళ్ళీ స్థిరపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అర మిల్లీమీటరు కన్నాల వల ఉంటే మంచిది. దోమతెర కన్నం ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది, రెండు మడతలు వేసి వెదురు చట్రానికి కట్టుకుంటే పని జరుగుతుంది. వల మూతి ప్రవాహానికి ఎదురుగా అడుగుకు ఆనించి, దాని ముందర అడుగును కాలితో మూడు నిమిషాలు తన్నుతూ కదపాలి. కదిలినవన్నీ వలలోకి వస్తాయి. ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు నడవాలి, పై నుంచి దిగితే మీరు రేపిన బురదే మీ వలలో పడుతుంది. తెల్లటి పింగాణీ పళ్ళెంలో రెండు సెంటీమీటర్ల నీళ్ళు పోసి అందులో వంపి, నీడలో పెట్టి, పురుగులు కదిలేదాకా ఒక నిమిషం ఆగి చూడాలి. తూనీగ పిల్లను మాత్రం విడిగా పెట్టాలి, కింది దవడ మూరెడు సాచినట్టు విసిరి పక్కనున్న మేఫ్లైలను మీరు లెక్కపెట్టేలోపే తినేస్తుంది. ఎండలో పళ్ళెం వేడెక్కితే 10 మార్కులవి ముందు చస్తాయి, 2 మార్కులవి మిగులుతాయి. అప్పుడు మీ పళ్ళెం అబద్ధం చెబుతుంది.

ఆల్చిప్పలు దొరికితే మాత్రం చూసి సంబరపడిపోకూడదు, కొలవాలి. ఆల్చిప్ప పిల్ల పుట్టగానే ఒక చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుని కొన్నాళ్ళు ఆ చేప మీదే బతికి, ఆ తర్వాతే ఇసుకలో పడుతుంది. చేప లేకపోతే దాని సంతతి లేదు. పెద్ద ఆల్చిప్ప ఏళ్ళ తరబడి బతుకుతుంది కాబట్టి, చేపలు పోయాక కూడా ఏట్లో ఆల్చిప్పలు కనబడుతూనే ఉంటాయి. అన్నీ మూడంగుళాలవే దొరికి, వేలి గోరంతవి ఒక్కటీ లేకపోతే అక్కడ పుట్టుకలు ఆగిపోయి చాలా కాలమైందన్నమాట. ఇసుకను జల్లెడ పట్టి గోరంతవి వెతకండి. అవి ఉన్నచోట పరిగెలు కూడా ఎక్కడో దగ్గర్లోనే ఉంటాయి.